రెండుదెబ్బల బండి

మూడో కప్పు టీ కూడా చల్లారిపోయింది.

పంతులమ్మ ఆ కప్పు పట్టుకుని షెడ్డులో నిలబడింది. ఎదురుగా పాత కారు. డ్రైవరు సీట్లో ఆవిడ భర్త, కార్ల ఫ్యాక్టరీలో తలుపుల మేస్త్రి. అద్దాలన్నీ పైకెత్తి, నాలుగు తలుపులూ లోపలినుంచి బిగించుకుని, స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టి, ఎక్కడికో ప్రయాణమై పోతున్నవాడిలా గోడను చూస్తూ కూర్చున్నాడు. పొద్దున ఎనిమిదింటికి ఎక్కినవాడు, ఇప్పుడు ఒంటిగంట. బండి అంగుళం కదల్లేదు, మనిషీ కదల్లేదు.

"ఏవండీ, ఆ అద్దమైనా కాస్త దించండి. గాలాడక చస్తారు."

ఆయన స్టీరింగు ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు.

"నాలుగింటికి లారీ వస్తుంది. అప్పుడూ ఇలాగే కూర్చుంటారా? మిమ్మల్ని కూడా కలిపి ఎక్కించేస్తారు."

అద్దం రెండు వేళ్ల మందం దిగింది. కప్పు దూరేంత కాదు, మాట దూరేంత.

"ఎక్కించనీ. బండితో పాటు నన్నూ చూసి నవ్వుతారు. ఒక టికెట్టుకి రెండు ఆటలు."

అద్దం మళ్లీ పైకి పోయింది.

పంతులమ్మకు ఏమీ అంతుపట్టలేదు. నిన్న రాత్రి భోజనాల దాకా ఈ మనిషే కదా పండగ చేసుకుంటున్నట్టు తిరిగింది! రేపు కంపెనీవాళ్లు కొత్త కారు విడుదల చేస్తున్నారు. దాని పక్కన స్టేజి మీద మన పాత బండిని నిలబెడతాం నాన్నా, ఈ మోడలు ఊళ్లో ఇంకెక్కడా మిగల్లేదు అని కూతురు అడిగినప్పుడు, ఆయన "లారీ మీద తాడు బంపరుకు కట్టొద్దని చెప్పు, ఊడొస్తుంది," అన్నాడు. ఆయన భాషలో అది పరమ సంతోషం. అప్పటినుంచి బండిని తుడిచిందే తుడవడం. బీరువా అడుగునుంచి ఫ్యాక్టరీ నీలం చొక్కా తీసి, ఇస్త్రీ చేయమని ఆవిడ ఒళ్లో పడేశాడు కూడా. తెల్లారేసరికి ఏ పురుగు కుట్టిందో మరి.

వంటింట్లో కూతురు ఫోను పట్టుకుని అటూ ఇటూ నడుస్తోంది. వాళ్ల నాన్న పక్కన టార్చి పట్టుకుని పెరిగిన పిల్ల కాబట్టి, ఫ్యాక్టరీవాళ్లు చిన్నప్పుడే దానికి చిన్నమేస్త్రి అని పేరు పెట్టారు. ఇప్పుడు ముప్ఫై నాలుగేళ్లు. అదే కంపెనీలో కార్ల రూపం గీస్తుంది. రేపు జనం చూడబోయే కొత్త బండి తలుపులు దాని చేతి గీతలే.

"టీ తాగాడా?" అంది ఫోను పక్కన పెట్టి.

"తాగలేదు. ఏం జరిగిందే? నిజం చెప్పు."

"నాకేం తెలుసమ్మా? లేచేసరికే షెడ్డులో ఉన్నాడు."

ఆ మాట అంటూ అది స్టవ్వు తుడిచింది. స్టవ్వు అప్పటికే శుభ్రంగా ఉంది. ముప్ఫై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పిన పంతులమ్మకు, కాపీ కొట్టినవాడి చూపు ఎలా ఉంటుందో ఒకరు చెప్పక్కర్లేదు. కానీ ఏదో అడిగేలోపే వీధి తలుపు తోసుకుని ఆవిడ తమ్ముడు దిగబడ్డాడు.

"అక్కా, బావ ఇంకా అలకపాన్పు దిగలేదా? పాన్పుకి నాలుగు చక్రాలు కూడా ఉన్నాయి, అదృష్టవంతుడు!"

"నువ్వెందుకొచ్చావురా ఇప్పుడు?"

"మేనకోడలితో పనుండి." చంకలోంచి మెరిసే కాగితం ఒకటి తీసి బల్లమీద పరిచాడు. ఎర్రటి కారు బొమ్మ. నేలకు కరుచుకున్నట్టు ఉంది. వెనక్కి వాలిన కప్పు, వెడల్పాటి చక్రాలు, కళ్లు చికిలించి చూస్తున్నట్టు సన్నటి దీపాలు. "ఏడు నెలలు ఆగాలంటున్నాడమ్మా షోరూంవాడు. నువ్వు ఒక్క మాట వేస్తే రెండు నెలల్లో ఇస్తాడట. ఎర్రదే కావాలి."

"మామయ్యా, నీ మోకాళ్లతో అందులోకి దిగితే మళ్లీ లేవగలవా?" అంది కూతురు, నవ్వు తెచ్చుకుంటూ.

"లేవకపోతే అందులోనే ఉంటా, మీ నాన్నలాగా."

"నోర్ముయ్యి," అంది పంతులమ్మ. "మా బండి మీ గేటు ముందు పెడితే అద్దెకున్నవాళ్లు ఖాళీ చేసి పోతారని అన్నావు గుర్తుందా? డబ్బా అన్న నోటితోనే ఇవాళ అడుగుతున్నావు?"

"నోరు అదేనక్కా. డబ్బా మారింది."

మారిన మాట నిజమే. ఒకప్పుడు ఆ కంపెనీ బండి అంటే, ఇంకోటి కొనలేనివాడి బండి. కొన్నవాళ్లే వెనకనున్న కంపెనీ పేరు ఊడదీసి పారేసేవాళ్లు. రేకు పలచన, రబ్బరు పట్టీ పలచన; తలుపు ఒకసారి వేస్తే పడేది కాదు, రెండోసారి గట్టిగా కొట్టాలి. అందుకే జనం దానికి రెండుదెబ్బల బండి అని పేరు పెట్టారు. మొదటి దెబ్బ తలుపుకి, రెండో దెబ్బ కొన్నవాడి పరువుకి అని నవ్వుకునేవాళ్లు. పంతులమ్మ కుటుంబం ఇంటికి వస్తే, సందు చివర మందుల షాపాయనకు కూడా తెలిసిపోయేది.

ఆరేళ్లుగా కథ తిరగబడింది. కంపెనీలోకి కుర్రకారు వచ్చింది, బండ్లు కిందికి వాలాయి, నడుములు సన్నబడ్డాయి. వెల పెద్దగా పెరగలేదు గాని రూపం మారేసరికి చూపులు మారాయి. పెద్ద హోటళ్ల దగ్గర కాపలావాడు ఇదివరకు వెనక సందు చూపించేవాడు, ఇప్పుడు గుమ్మం ముందే నిలబెట్టమంటున్నాడు. పంతులమ్మ పాత విద్యార్థి ఒకడు మొన్న రోడ్డుమీద ఆపి, టీచర్ మీ అమ్మాయి గీసిన బండే కొన్నానండీ అని చుట్టూ తిప్పి చూపించాడు. ఆ రోజు ఆవిడ ఇంటికి నడిచి రాలేదు, తేలుతూ వచ్చింది.

తమ్ముడిని కాగితంతో సహా ముందు గదిలోకి తోసి, ఆవిడ మళ్లీ షెడ్డులోకి వెళ్లింది. ఈసారి టీ తీసుకెళ్లలేదు. అవతలి పక్క తలుపు అద్దం మీద వేలితో కొట్టింది.

"తీయండి. బళ్లో ఎక్కడానికొచ్చాను. నలభై ఏళ్లు ఎక్కించుకున్నారు, ఇవాళ కూడా ఎక్కించుకోండి."

గడియ తీసిన చప్పుడయింది. ఆవిడ ఎక్కి కూర్చుని, అలవాటుగా రెండు వేళ్లతో తలుపు లాగింది.

పడలేదు.

ఆవిడ తలుపు వంక చూసింది. మళ్లీ లాగింది, గట్టిగా. ధన్‌మని రేకు మోగి, షెడ్డు కప్పుమీది పిట్టలు లేచిపోయాయి. ఇరవయ్యేళ్లయింది ఆ చప్పుడు విని.

"ఇదేంటండీ?"

"అటు రెండు తలుపుల మధ్య స్తంభం మీద చూడు. గడియ వచ్చి పడే ఇనుప ముక్క."

ఆవిడ తలుపు మళ్లీ తెరిచి, వంగి చూసింది. ఇనుప ముక్కకు మూడు స్క్రూలు. వింతేమీ కనపడలేదు.

"దానికింద నేను పెట్టిన వాషరు లేదు. తలుపు అంచున రబ్బరు పట్టీ వెనక నేనతికించిన రెండో పట్టీ లేదు. నాలుగు తలుపులకూ లేవు." ఆయన గొంతు మామూలుగానే ఉంది, అదే ఆవిడను భయపెట్టింది. "స్క్రూల నెత్తిమీద గాడులు చూడు. ఎలా ఉన్నాయి?"

"నిలువుగా ఉన్నాయి."

"మూడూ నిలువుగా ఉన్నాయి. నాలుగు తలుపులకీ పన్నెండూ నిలువుగానే ఉన్నాయి. ఒక్క గీత పడలేదు, రంగు లేవలేదు. బయటివాడు విప్పితే బిగించి వదిలేస్తాడు పంతులమ్మా, గాడి ఏ పక్కకుందో చూడడు. బిగించాక గాడి నిలువుకి తేవాలని, అలా ఉంటే రేపు ఏది వదులైందో చూడగానే తెలుస్తుందని, ఈ లోకంలో నేను నేర్పింది ఒక్కదానికే."

పంతులమ్మ వేళ్లమీద రోజులు లెక్కపెట్టింది.

గురువారం ఆయన్ని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది ఆవిడే. మందు వేసి మూడు గంటలు కూర్చోబెట్టారు. ఇంట్లో కూతురు ఒక్కతే ఉంది.

"పొద్దున తలుపు వేస్తే పడలేదు, అడగడానికి ఇంట్లోకెళ్లాను. ఫోనులో ఎవరికో చెబుతోంది. మొదటిసారి పడదు సార్, రెండోసారి పడుతుంది, నవ్వు అక్కడే వస్తుంది, వచ్చే బండి గీసే పని మాత్రం నాకే ఇవ్వాలి అని." ఆయన స్టీరింగు మీద మసి గుడ్డతో ఒకసారి తుడిచాడు. "వెనక్కొచ్చి కూర్చున్నా. ఇంకెక్కడికి పోవాలో తోచలేదు."

ఇద్దరూ గోడను చూస్తూ కూర్చున్నారు. సీటు వాసన అదే, ఎండిన రబ్బరూ పాత ఎండా కలిసిన వాసన. ఈ సీట్లోనే ఆవిడ పరీక్ష కాగితాలు దిద్దేది. వాన పడితే కుడి మూల కారేది, కూతురు గొడుగు విప్పుకుని వెనక సీట్లో నిద్రపోయేది. ఎంత బాగుండేవి ఆ రోజులు అనిపించి, వెంటనే ఏడుపొచ్చింది ఆవిడకు.

"దానికి చెప్పనా?" అంది చివరికి. "ఆ పట్టీలు ఎందుకు పెట్టారో?"

"వద్దు. అప్పుడే వద్దన్నాను."

"అప్పుడు దానికి పధ్నాలుగేళ్లు. ఇప్పుడు తెల్లవెంట్రుకలు ఏరుకుంటోంది."

"వద్దన్నానా!"

ఆవిడ దిగింది. తలుపు వేయలేదు. వేస్తే రెండుసార్లు వేయాలి.

అడకత్తెరలో పోకచెక్కలా ఉంది ఆవిడ పరిస్థితి. మొగుడికిచ్చిన మాట ఒక పక్క, కన్నకూతురు ఒక పక్క. వంటింట్లోకి వెళ్లేసరికి కూతురు గుమ్మంలోనే ఎదురైంది. షెడ్డులో తలుపు చప్పుడు అది కూడా విన్నది.

"పట్టీలు ఎక్కడ పెట్టావ్?" అంది పంతులమ్మ.

కూతురు అబద్ధం ఆడలేదు. తన సంచి తెరిచి, కాగితంలో చుట్టిన పొట్లం తీసింది. సైకిలు ట్యూబు కోసి చేసిన సన్నటి నల్ల పట్టీలు, టీపొడి డబ్బా మూత కత్తిరించి చేసిన వాషర్లు. ఒక్కొక్కటీ ఏ తలుపుదో చీటీ రాసి కట్టింది.

"పారేయలేదమ్మా. ఎల్లుండి మళ్లీ పెట్టేద్దామనుకున్నా. నాన్నకు తెలిసేలోపే."

"గాడులు నిలువుకి తెచ్చి మరీ పెట్టావు. దొంగతనం చేసి సంతకం పెట్టినట్టు."

కూతురు ముఖం పాలిపోయింది. "చూసుకోలేదు. చెయ్యి దానంతటదే తిప్పేసింది."

"ఎందుకే ఇలాంటి పని?"

"ఎందుకంటే మన బండి తలుపు ఒక్క తోపుకే పడుతోందమ్మా! మా కంపెనీ పెద్దాయనకు కావలసింది ఇది కాదు. పాత బండి తలుపు రెండుసార్లు కొట్టాలి, జనం నవ్వాలి, తర్వాత కొత్తదాని తలుపు నిశ్శబ్దంగా మూసుకోవాలి. ఇంకా జనం ఏమంటున్నారో తెలుసా? సోకులు చేశారుగాని లోపల అదే రెండుదెబ్బల బండి అంటున్నారు. ఆ మాట చావాలి. ఒక్క నిమిషం నవ్వితే చస్తుంది. రేపు స్టేజి మీద ఆ తలుపు వేసేది నేనే. అది కుదరకపోతే తర్వాత వచ్చే బండి గీసే పని వేరేవాళ్లకి ఇస్తానని ముఖం మీదే చెప్పాడు. పదేళ్లు ఎదురుచూశానమ్మా దానికోసం."

"ఎవర్ని చూసి నవ్వుతారు?"

"బండిని చూసి."

"దానికి తలుపులు బిగించిందెవరు?"

కూతురు పొట్లం వైపు చూసింది. ముందు గదిలో మేనమామ దగ్గి, చదవని కాగితాన్ని తిరగేశాడు.

"కంపెనీ రబ్బరు మందం తగ్గించిందమ్మా, నాన్నేం చేస్తాడు? అది అందరికీ తెలుసు."

"హాల్లో ఉన్నవాళ్లకి తెలుసా?"

 పంతులమ్మ బల్లముందు కూర్చుని ఒక పట్టీ చేతిలోకి తీసుకుంది.  మొగుడికిచ్చిన మాటను పక్కన పెట్టేసింది.

"నువ్వు బడికి వచ్చేటప్పుడు ఎక్కడ దిగేదానివి?"

కూతురు ఉలిక్కిపడింది. "ఇప్పుడదెందుకు?"

"చెప్పు."

"...మలుపు దగ్గర. పుస్తకాల షాపు ముందు."

"నేను అదే బడిలో టీచర్ని. నేను గేటు దాకా వెళ్లి, పిల్లలందరి ముందూ రెండుసార్లు ధనాధనా తలుపు కొట్టుకుని దిగేదాన్ని. నువ్వు మాత్రం మలుపు దగ్గరే దిగి నడిచేదానివి. నడిస్తే ఒంటికి మంచిది నాన్నా అనేదానివి."

"చిన్నదాన్నమ్మా."

"ఆయనకు మొదటి రోజే తెలుసు. ఆ ఆదివారమే షెడ్డులో దూరాడు. ఆ ఏడాదంతా ఆదివారాలు షెడ్డుకే. ఒక రబ్బరు మందమైతే తలుపు పడదు, పలచనైతే మోగుతుంది. నువ్వు టార్చి పట్టుకున్నావు, నాన్నకు ఫ్యాక్టరీలో మేలు కోసం అనుకున్నావు. నీకలాగే చెప్పాడు."

కూతురు కుర్చీ వీపు పట్టుకుంది.

"తలుపు మొదటిసారి ఒక్క తోపుకి పడినప్పుడు పుస్తకం మూసినంత చప్పుడయింది. ఆ తర్వాత మూడు వారాలకు ఒక సోమవారం, నువ్వు ఏదో కబుర్లు చెబుతూ చెబుతూ మలుపు దగ్గర ఆపమనడం మర్చిపోయావు. ఆయన ఆపలేదు. గేటు దాకా తీసుకొచ్చాడు. నువ్వు దిగి, తలుపు వేసి, వెనక్కి చూడకుండా లోపలికి పరిగెత్తావు. ఎవరూ తిరిగి చూడలేదు. ఆ సాయంత్రం ఆయన ఇలాగే బళ్లో కూర్చుని, పిలిచినా భోజనానికి రాలేదు."

"నాకెందుకు చెప్పలేదు?" అంది కూతురు.

"చెప్పొద్దన్నాడు. పిల్ల సిగ్గుపడిన సంగతి నాకు తెలిసిందని తెలిస్తే, దానికి ఇంకా సిగ్గేస్తుంది అన్నాడు."

కూతురు పొట్లం కాగితాన్ని మడవడం మొదలుపెట్టింది. మడత కుదరలేదు. మళ్లీ విప్పి మళ్లీ మడిచింది. మేనమామ ఎప్పుడు వెళ్లిపోయాడో ఎవరూ చూడలేదు. ఎర్ర కారు కాగితం మాత్రం సోఫా మీద ఉంది.

లారీ నాలుగింటికి కాదు, మూడున్నరకే వచ్చింది.

హారను వినగానే షెడ్డులో తలుపు తెరుచుకుంది. మేస్త్రి దిగాడు. అన్ని గంటలు కూర్చున్న కాళ్లు వెంటనే నిలబడలేదు, బండి కప్పు పట్టుకుని ఆగాడు. కూతురు ఎదురుగా నిలబడింది. క్షమించమంటుందేమోనని పంతులమ్మ చూసింది. అది బండి తలుపు వైపే చూస్తోంది. 

ఆయన తాళంచెవి తీసి దాని అరచేతిలో పెట్టాడు.

"నీ చేత్తో విప్పావు, పని మాత్రం శుభ్రంగా చేశావు," అన్నాడు. "రేపు రెండు దెబ్బలూ గట్టిగానే వెయ్యి. సందేహిస్తూ వేస్తే నవ్వు రాదు. నవ్వు రాకపోతే నీకు మాట వస్తుంది."

"నాన్నా..."

"తాడు బంపరుకు కట్టొద్దని చెప్పావా?"

చెప్పానన్నట్టు తలాడించింది. బండి వెనక్కి వెనక్కి వెళ్లి పలకలమీదుగా లారీ ఎక్కింది. చక్రాలకు తాళ్లు కట్టారు. బండి దిగబెట్టి రాత్రికి వస్తానని చెప్పి, కూతురు తన సంచి భుజాన వేసుకుని డ్రైవరు పక్కన కూర్చుంది. పొట్లం వంటింటి బల్లమీద లేదని పంతులమ్మ అప్పుడే గమనించింది గాని, ఆయనతో అనలేదు.

ఇద్దరూ గేటు దగ్గర నిలబడ్డారు. లారీ సందు చివరిదాకా పోయి, మందుల షాపు ముందు ఆగిపోయింది.

"ఎందుకాగింది?" అన్నాడు ఆయన, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని. ఈమధ్య ఆయనకు పది అడుగుల అవతల అంతా మసకే, గురువారం డాక్టరు దగ్గరికి వెళ్లిందీ అందుకే.

"అమ్మాయి దిగింది. లారీ వెనక్కెక్కుతోంది."

"తాడు వదులైందేమో."

పంతులమ్మ గేటు దాటి రెండడుగులు ముందుకు వేసింది. లారీ డ్రైవరు కిందికి దిగి, షాపు నీడలో నిలబడి నీళ్లు తాగాడు. ఒక తలుపు దగ్గర వంగిన కూతురు రెండో తలుపుకు మారింది. ఆ తర్వాత అవతలి పక్కకు వెళ్లింది. చాలాసేపు పట్టింది. వెనకాల స్కూటరువాడు హారను కొట్టి కొట్టి పక్కనుంచి దూరిపోయాడు.

చివరికి అది నిటారుగా నిలబడింది. పాత బండిలో స్టీరింగు వైపు తలుపును బార్లా తెరిచి, రెండు వేళ్లతో తోసింది.

"తలుపేమైనా వేసిందా?" అన్నాడు ఆయన చెవి రిక్కించి.

"వేసిందండీ."

"చప్పుడేదీ?"

పంతులమ్మ చెంగుతో కళ్లు ఒత్తుకుంది. ఆ ఒత్తుకోవడమే ఆయనకు జవాబు. లారీ కదిలి, మలుపు తిరిగి, కనపడకుండా పోయింది.  ఆయన ముఖమంతా ఒక్కసారి వెలిగింది. ఇన్నేళ్లలో ఆవిడ ఆ వెలుగు రెండోసారి చూస్తోంది. మొదటిసారి ఆ సోమవారం బడి గేటు దగ్గర.

కానీ అది ఎంతోసేపు నిలవలేదు.

"దానికి చెప్పేశావు కదూ?"

"చెప్పేశాను. ఏం చేసుకుంటారో చేసుకోండి."

"రేపు హాల్లో ఎంతమంది ఉంటారంది?"

"ఎనిమిది వందల మందట."

"వాళ్లకీ ఇలాగే ఏమీ వినపడదు." ఆయన ఖాళీ షెడ్డు వైపు నడిచాడు. "నవ్వు రాదు. వచ్చే బండి పని దాని చేతినుంచి పోతుంది. నామీద జాలితో పదేళ్ల కష్టం నీళ్లపాలు చేసుకుంటోంది, పిచ్చిపిల్ల. దానికోసం పెట్టిన పట్టీలు దాని మెడకే చుట్టుకోవాలా?"

"ఇప్పుడు మనమేం చేయగలమండీ?"

ఆయన షెడ్డులోకి వెళ్లాడు. గోడకు వరసగా వేలాడుతున్న పనిముట్లను చేత్తో తడుముకుంటూ వెళ్లి, అన్నిటికంటే చిన్న స్క్రూడ్రైవరు తీశాడు. మసి గుడ్డతో దాన్ని కొసదాకా తుడిచాడు.

"ఆ నీలం చొక్కా ఇస్త్రీ అయిందా?" అన్నాడు. "రేపు అందరికంటే ముందే వెళ్లాలి."

ఆవిడ తెచ్చి ఇచ్చింది. ఆయన స్క్రూడ్రైవరును చొక్కా జేబులో పెట్టి, పైకి కనపడకుండా గుండీ పెట్టాడు.